ఒక్క దీపము – నూరు వన్నెలు

(గృహిణులకు విజ్ఞానము)

సూర్యభగవానుని రథమునకు చక్ర మొక్కటియే, గుఱ్ఱములు మాత్రము ఏడని పురాణశ్రవణమున మనమందరము వినియున్నాము. వెలుగు ఒకటి, దానిలోని వన్నెలు పెక్కు అను సంగతిని వానకాలమున ఇంద్రధనుస్సు పొడమినప్పుడు మన పిల్లలును చూచుచునే యున్నారు. ఈ మాసమున నేను విన్నవింపదలచిన విషయము ఈ మాటలోనే యిమిడియున్నది. ఒక్క దీపమును వెలిగించి, దాని వన్నెలను విడదీసి, ఒక్కొక్క వన్నెపై ఒక్కొక్క వార్త నెక్కించి, అన్నిటిని వెండ్రుకవంటి ఒక్క గాజుతంతువు గుండ దూరదేశములకు పంపు ఉపాయమే యది.

ఇది శాస్త్రజ్ఞుల పని, వంటయింటివారి కేల యని కొందరనవచ్చును. 2020వ సంవత్సరమును మఱచితిమా? కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడగా, మన తెలంగాణమున ఆ సెప్టెంబరు 1వ తేదీ నుండి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పిల్లలకు పాఠములు చెప్పించిరి. టెలివిజను లేని యింట ఫోనే దిక్కయ్యెను. రాయికోడు వంటి పల్లెపట్టున ఇంటికి ఫోను ఒక్కటియే యున్నచోట, అది ముందు తండ్రి చేతికి, పిదప కొడుకు చేతికి పోయి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మిగిలిన తీరిక యున్నచో కూతురి చేతికి వచ్చెడిది. వార్తల త్రోవ యిఱుకైనప్పుడు వెనుకకు నెట్టబడునది నగరము కాదు, పల్లె. పల్లెలో కొడుకు కాదు, కూతురు. కావున ఆ త్రోవ యెట్లు వెడల్పగునో తెలిసికొనుట మన పనియే.

మొదట ఆ త్రోవ స్వరూపము చెప్పెదను. మన చేతిలోని ఫోను మాట గాలిలో పోవునది సమీపమున నున్న టవరు వఱకే. అచ్చటినుండి పెద్ద ప్రయాణమంతయు ప్రాయికముగా ఆప్టికల్ ఫైబరు అను గాజుతంతువులోనే జరుగును. దాని నడిమి భాగము, అనగా వెలుగు నడచు దారి, వెండ్రుకలో ఎనిమిదవవంతు మందమైన నుండునో లేదో. గాజులో వెలుగు పోవునప్పుడు మలినముల వలన హరించుకొనిపోవుచుండెడిది. మలినములు తొలగించినచో గాజుతంతువు దూరవార్తలకు పనికివచ్చునని 1966లో ఛార్లెస్ కావో, హాక్‌హామ్ అను వారు లెక్కలు కట్టి చూపిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ వారు అట్టి తంతువును తీసిరి. కావోగారికి 2009లో నోబెలు బహుమానము వచ్చెను. నేటి తంతువులో 15 కిలోమీటర్లు నడచిన పిమ్మట గూడ సగము వెలుగు మిగిలియుండును. దానిలో వెలుగు సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. జహీరాబాదు నుండి హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దారి. ఆ వార్తకు పట్టు కాలము సెకండులో రెండువేలవ వంతు మాత్రమే.

మన రాష్ట్రమున ఈ తంతువుల చరిత్రలో ఆడువారికి ఇంపగు విశేష మొకటి కలదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకమున ఇంటింటికి త్రాగునీరు తెచ్చుటకు త్రవ్విన కందకములలోనే, తెలంగాణ ఫైబరు గ్రిడ్ వారు ఈ తంతువులకును గొట్టములు పఱచిరి. మన జిల్లాలో మంజీరమీది సింగూరు జలాశయపు నీరు ఒక గొట్టమున, దాని ప్రక్కనే వార్తలు మోయు వెలుగు మఱియొక గొట్టమున! భగీరథుని పేరిట త్రవ్విన కాలువలో గంగయు సరస్వతియు గూడ ప్రవహించుట యన నిదియే కదా. అయితే ఒకమాఱు పూడ్చిన కందకమును మరల త్రవ్వుట సులభము కాదు. త్రవ్వుటకు వ్యయము, రైతునకు పంటనష్టము, ఊరివారికి దారినష్టము. కావున వార్తలు పెరిగినకొలది కొత్త తంతువులు వేయుటకంటె, భూమిలో నున్న తంతువుచేతనే ఎక్కువ మోయించుట తెలివిగల పని.

ఎక్కువ మోయించుట యెట్లు? మన జహీరాబాదు ప్రాంతమువారికి దీని నెఱిగించుట సులభము. ఝరాసంగము మండలములోని మాచునూరున 2008లో సంఘం రేడియో ప్రారంభమయ్యెను. దళిత స్త్రీలు తామే నడపిన ఆ కేంద్రపు సంఖ్య 90.4. అనగా సెకండునకు 9 కోట్ల 4 లక్షలమాఱులు ఊగు తరంగముపై వారి మాట ప్రయాణించునన్నమాట. హైదరాబాదు కేంద్రములకు వేఱు సంఖ్యలు గలవు. ఆకాశ మొక్కటియే యైనను, తరంగములు వేఱగుటచేత ఒకరి మాటకు మఱియొకరి మాట అడ్డుపడదు. గాజుతంతువులోను ఇంతే. ఒక్కొక్క వన్నె ఒక్కొక్క రేడియో కేంద్రము వంటిది. అయితే ఇచ్చటి తరంగములు సెకండునకు సుమారు 193 లక్షల కోట్లమాఱు లూగును. మాచునూరు తరంగముకంటె ఇరువది లక్షల రెట్లకు మించిన వేగ మది. ఈ వన్నెలు మన కంటికి కనబడవు, ఎఱుపునకు ఆవలివి.

నేడు దేశదేశముల నడుమనున్న పెద్దతంతువులలో ఇట్టివి 80 మొదలు 96 వన్నెల వఱకు ఒక్కమాఱే నడచుట సామాన్యము. ఒక్కొక్క వన్నె సెకండునకు 100 గిగాబిట్లు, అంతకు మించియు మోయగలదు. త్రోవలో వెలుగు సన్నగిల్లినచోట అన్ని వన్నెలకు ఒక్కమాఱే బలమిచ్చు సాధనము 1987లో కనిపెట్టబడెను. ఎర్బియమను ధాతువు కలిపిన గాజుతంతువే యా సాధనము. ఇంతవఱకు బాగుగనే యున్నది. చిక్కు దీపములవద్ద వచ్చినది.

ప్రతి వన్నెకు ఒక లేసరు దీపము వేఱుగా నుంచవలెను. తొంబది వన్నెలకు తొంబది దీపములు. వేడి యెక్కినను తగ్గినను దీపపు వన్నె ప్రక్కకు జరుగును గనుక ఒక్కొక్కదానికి వేడి నదుపుచేయు ఏర్పాటు వేఱుగా చేయవలెను. చుక్కల ముగ్గు పెట్టువారికి ఈ బాధ తెలియును. తొంబది చుక్కలను తొంబదిమంది చేతులతో పెట్టించినచో ఒకటి అటు, ఒకటి ఇటు పోవును. ఒకదానిమీద నొకటి పడకుండ నడుమ నడుమ ఎడము ఎక్కువగా విడువవలసివచ్చును. వాకిలి యంత వ్యర్థమగును. అదియే ముగ్గుగొట్టమును ఒక్కమాఱు దొర్లించినచో చుక్కలన్నియు సమాన దూరమున పడును. గొట్టము కొంచెము ప్రక్కకు జరిగినను చుక్కల నడిమి యెడము మాఱదు. వెలుగునకును ఇట్టి ముగ్గుగొట్టము దొరకునా యని శాస్త్రజ్ఞులు వెదకిరి. దొరకెను. అదియే అతివేగ లేసరు.

సాధారణ లేసరు నిలుకడగా వెలుగును. అతివేగ లేసరు మెఱుపు మెఱుపుగా వెలుగును. ఆ మెఱుపు నిలుచు కాలమును ఫెమ్టోసెకండులతో కొలుతురు. మన పెద్దలు రెప్పపాటును నిమేషమని, దానికంటె సూక్ష్మమగు కాలమును త్రుటి యని వ్యవహరించిరి. ఫెమ్టోసెకండు అంతకన్న ఎంతయో సూక్ష్మము. సెకండునకు ఫెమ్టోసెకండు ఎట్టిదో, 3 కోట్ల 17 లక్షల సంవత్సరములకు ఒక సెకండు అట్టిది. నూరు ఫెమ్టోసెకండుల మెఱుపు గాలిలో సెకండునకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తుచున్నను, దాని పొడవు వెండ్రుక మందమునకు తక్కువయే.

ఇంత చిన్న మెఱుపులో నూరు వన్నె లెట్లుండును? శబ్దమును తలచుకొనుడు. వీణతంత్రిని మీటి మ్రోగనిచ్చినచో ఒక స్వరము స్పష్టముగా వినబడును. రోకటిపోటు ధక్కుమని క్షణమాత్రమున ముగియును. అది షడ్జమో పంచమమో ఎవరు చెప్పగలరు? దానిలో హెచ్చు తగ్గు స్వరము లెన్నియో కలగలుపుగా నుండును. ధ్వని యెంత పొట్టిదైన అంత ఎక్కువ స్వరములు దానిలో చేరును. వెలుగునకును ఇదియే ధర్మము. నూరు ఫెమ్టోసెకండుల మెఱుపు విప్పి చూచినచో, వాడుకలోనున్న ఎడము ప్రకారము సుమారు 30 వన్నెలకు చాలినంత విరివి దానిలో నుండును. తగిన గాజుతంతువు గుండ పంపి ఆ విరివిని ఇంకను పెంపవచ్చును.

ఇంక ఆ వన్నెలు సమాన దూరమున నిలుచుట యెట్లు? ఒక కొమ్మకు వేఱువేఱు పొడవుల త్రాళ్లతో పెక్కు ఉయ్యాలలు కట్టి, అన్నిటిని ఒకే తాళమున మాటిమాటికి త్రోయుద మనుకొనుడు. రెండు త్రోపుల నడుమ సరిగా ఒకటో, రెండో, మూడో పూర్తి ఊపులు ముగించిన ఉయ్యాల త్రోపుత్రోపునకు బలమెక్కును. మిగిలినవానికి త్రోపు ఒకమాఱు అనుకూలముగను, ఒకమాఱు ఎదురుగను తగిలి, అవి ఆగిపోవును. లేసరు మెఱుపులును తాళము తప్పక ఒకదాని వెంట నొకటి వచ్చును. ఆ తాళమునకు సరిపోవు వన్నెలే నిలుచును, తక్కినవి అణగిపోవును. నిలిచిన వన్నెలు దువ్వెనపండ్లవలె సమానమగు ఎడముతో నుండును. అందుచేతనే శాస్త్రజ్ఞులు దీనికి దువ్వెన యనియే పేరిడిరి. ఈ దువ్వెనతో వెలుగును అతిసూక్ష్మముగా కొలుచు విద్యకు హాల్, హెన్ష్ అను వారికి 2005లో నోబెలు బహుమానములో భాగము లభించెను.

ఈ మెఱుపును వార్తలకు మొట్టమొదట పూన్చినవారిలో అమెరికాలోని బెల్ పరిశోధనశాలవారు ముఖ్యులు. 1995లో డిసౌజా, నస్, నాక్స్, మిల్లర్ అను వారు ఒక్క ఫెమ్టోసెకండు లేసరునుండి పెక్కు వార్తామార్గములు తీయవచ్చునని ప్రకటించిరి. ఆ పరిశోధనశాలవారి ఉపాయ మొకటి చమత్కారమైనది. వన్నెకొక ద్వారపాలకుని నిలుపుటకు మాఱుగా, మెఱుపును కొన్ని కిలోమీటర్ల గాజుతంతువు గుండ నడపిరి. గాజులో అన్ని వన్నెలు ఒకే వేగమున పోక, కొన్ని ముందు, కొన్ని వెనుక నడచును. దానితో మెఱుపు సాగి, వన్నెలు వరుసగా ఒకదాని వెనుక నొకటి నిలిచెను. గుడివాకిట వరుసలో వచ్చు జనమును ఒక్క ద్వారపాలకుడే ఒక్కొక్కరినిగా పంపుటయు, ఆపుటయు చేసినట్లు, ఒక్క సాధనమే వన్నె వచ్చినప్పుడు తలుపు తెఱచి, మూసి, వార్త వ్రాసెను. 1999లో ఆ పరిశోధనశాలవారే ఒక్క లేసరునుండి 110 మార్గములు తీసి, ఒక్కొక్కదానిపై సెకండునకు 2.35 గిగాబిట్లు పంపిరి. అనగా మొత్తము 258.5 గిగాబిట్లు. మఱుసటి సంవత్సరము మార్గముల సంఖ్యను 1021కి పెంచిరి. ఒక్కొక్కటి మోసినది స్వల్పమే యైనను, వన్నెలకు కొఱత లేదని రుజువయ్యెను.

మెఱుపును సాగదీయు ఈ విద్య చెప్పినప్పుడు ఒక స్త్రీని స్మరింపక తీఱదు. డోనా స్ట్రిక్లండ్ అను కెనడా వనిత 1985లో, తాను ఇంకను పరిశోధక విద్యార్థినిగా నుండగనే, గురువగు జెరార్ మూరూతో గూడి, లేసరు మెఱుపును గాజుతంతువులో సాగదీసి, బలమిచ్చి, మరల ముడుచు పద్ధతిని కనిపెట్టెను. బలము నిచ్చు సాధనము పగిలిపోకుండ కాపాడిన యుపాయ మది. దానికై 2018లో నోబెలు బహుమానమున ఆమెకు భాగము కలిగెను. భౌతికశాస్త్రమున 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గోపర్ట్ మాయర్, వారి తరువాత మూడవ వనిత ఈమెయే! తరువాత 2020లో ఆండ్రియా గెజ్, 2023లో ఆన్ లూయియే ఆ పీఠ మెక్కిరి. వీరిలో ఆన్ లూయియే కృషి ఫెమ్టోసెకండుకంటెను పొట్టివగు మెఱుపులను గూర్చినదే. శతాబ్దమునకు పైగా గడచినను ఐదుగురే యనుట మనకు సంతోషమును, చింతయు గూడ కలిగించును.

మన చెంతనే హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఫెమ్టోసెకండు లేసరులతో పరిశోధనలు జరిగినవి, జరుగుచున్నవి. అచ్చటివారి దృష్టి వార్తలపై గాక, పేలుడు పదార్థముల జాడ గుర్తించుట వంటి పనులపై నున్నది. సాధన మొక్కటి, ప్రయోజనములు పలు.

ఇటీవల దువ్వెనను పుట్టించు సాధనము మిక్కిలి చిన్నదైనది. వెలుగు గుండ్రముగా తిరుగు ఉంగరమువంటి దారిని చిప్పుపై చెక్కుదురు. ఆ ఉంగరము ఆవగింజకంటె చిన్నది. 2020లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమున, భూమిలో నదివఱకే పఱచియున్న 76.6 కిలోమీటర్ల తంతువుపై, ఇట్టి యొక్క చిప్పు వెలుగుతో సెకండునకు 44.2 టెరాబిట్లు పంపగలిగిరి. టెరాబిట్టనగా వేయి గిగాబిట్లు. కొత్త కందకము త్రవ్వకుండ పాత తంతువుచేతనే మోయించుట యన నిదియే. 2022లో డెన్మార్కు, స్వీడను దేశములవారు 37 వెలుగుదారులు గల ప్రత్యేకపు తంతువున, 7.9 కిలోమీటర్ల దూరము, 223 వన్నెలతో, సెకండునకు 1.84 పెటాబిట్లు, అనగా 18 లక్షల 40 వేల గిగాబిట్లు నడపిరి. ఇన్నిటికిని మూలము ఒక్క చిప్పు వెలుగే.

సోదరీమణులారా! ఇల్లు నడపు మనకు ఇచ్చట ఒక సందేహము కలుగవలెను. ఒక్క దీపముపైననే ఇల్లంతయు ఆధారపడినచో, ఆ దీపమారిన నాడు గతి యేమి? ఇది సరియైన ప్రశ్నయే. తొంబది దీపములలో ఒకటి యారిన తొంబదవ వంతే చీకటి. ఒక్క దీప మారిన సర్వము చీకటి. కావున అట్టిచోట వెలిగించుటకు సిద్ధముగా రెండవ దీపము నుంచుకొనవలెను. రెండవ లోపము: ఒక్క వెలుగును నూటికి పంచినచో ఒక్కొక్కరి పాలు సన్నగిల్లును. దానికి బలమిచ్చు సాధనము వెంటనే యుండవలెను. బలమిచ్చునప్పుడు కొంత రొదయు చేరును. ఈ కారణములచేత, వాడుకలోనున్న దూరపు మార్గములలో నేటికిని వన్నెకొక లేసరు నుంచుటయే సామాన్యము. దువ్వెన పద్ధతి పరిశోధనశాలలను దాటి ఇప్పుడిప్పుడే బయటికి వచ్చుచున్నది.

మఱియొక సంగతియు దాచరాదు. నగరముల నడుమ త్రోవ ఎంత వెడల్పైనను, చివరి ఫర్లాంగు ఇఱుకైనచో పల్లెకు ప్రయోజనము లేదు. చెఱువు నిండినంత మాత్రమున ఇంటి బిందె నిండదు. వీథికొళాయి పనిచేయవలెను, దానికడ అందఱికి వంతు దొరకవలెను. వార్తల విషయమున ఆ కొళాయి పంచాయితీ కార్యాలయము వఱకు వచ్చుట ప్రభుత్వపు పని. 2011లో కేంద్రప్రభుత్వము అంగీకరించి, ఇప్పుడు భారత్‌నెట్ అని పిలువబడు పథకము దేశములోని సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయితీలకు ఈ తంతువును చేర్చవలెనని తలపెట్టినది. మన పంచాయితీ తంతువు పనిచేయుచున్నదా, పాఠశాలకు, ఆసుపత్రికి అది అందుచున్నదా యని గ్రామసభలో అడుగుటకు మనకును హక్కు కలదు. మహిళాసంఘములలో అప్పుల లెక్కతోపాటు ఈ ప్రశ్నయు నొకటి వేయుడు.

పంచాయితీ నుండి ఇంటిలోనికి, ఇంటిలో కూతురి చేతికి వచ్చుట మాత్రము ఏ ప్రభుత్వపు పనియు కాదు, మన పనియే. ఇంతకాలము "సిగ్నలు లేదు, డేటా చాలదు, అన్నయ్య చదువు ముందు కానిమ్ము" అని మన మనుచుండెడివారము. త్రోవ ఇఱుకై నన్నాళ్లు ఆ మాట సాకుగా నైన నిలిచెను. శాస్త్రము త్రోవను వెడల్పు చేయుచున్నకొలది ఆ సాకు సన్నగిల్లును. అప్పటికిని కూతురు ప్రొద్దు గ్రుంకువఱకు కాచుకొని యుండిన, లోపము తంతువుది కాదు, మనదే. ఒక్క ఫోనున్న ఇంట కొడుకునకు, కూతురికి గడియలు సమానముగా పంచుడు. గోడపై కాలపట్టిక వ్రాసి యుంచుడు. వెలుగు పంచినకొలది సన్నగిల్లునని పైన చెప్పితిని. విద్య యట్టిది కాదు. ఎన్ని చేతులకు పంచిన అంత పెరుగును. దానికి బలమిచ్చు సాధనముకూడ అక్కఱలేదు.

వచ్చు మాసమున ఈ గాజుతంతువును ఎట్లు కాచి, ఎట్లు తీయుదురో వివరింపగలదానను. ఈ విషయమున సందేహములు గల సోదరీమణులు పత్రికకు వ్రాసినచో, తెలిసినంతవఱకు సమాధానము చెప్పుటకు ప్రయత్నింతును.

— రాయికోడు నుండి ఒక సోదరి